బట్టల్లో నీళ్లు ఎటు పోయాయి?

మొన్న శ్రావణంలో విజయనగరం వెళ్లినప్పుడు, మా వదిన వాళ్ల ఫ్లాట్‌లో అడుగు పెట్టగానే ముక్కిన వాసన కొట్టింది. అప్పటికి నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. కంటోన్మెంట్ రోడ్లన్నీ చిత్తడి. వానాకాలంలో ఏ ఇల్లయినా ఇంతేలే అనుకున్నాను. వంటింటి వెనక యుటిలిటీలోకి వెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. గోడ మీద చెయ్యి వేస్తే తడి అంటుకుంది. కిటికీ అద్దాలకి లోపలివైపు నీటి చుక్కలు పట్టి ధారలుగా దిగుతున్నాయి. స్విచ్ బోర్డు అంచు మీద, వాషింగ్ మెషీన్ మూత మీద, మూల నిలబెట్టిన చీపురు మీద కూడా బూడిద రంగు పీచు పల్చగా పేరుకుని ఉంది.

వాషింగ్ మెషీన్ పక్కన స్టాండు వేసి, ఉతికిన బట్టలు ఆరబెట్టే కొత్త డ్రయ్యర్ పెట్టారు. దాని వెనక నుంచి నాలుగంగుళాల తెల్లటి ప్లాస్టిక్ గొట్టం వచ్చి, నేల మీద ఒక చుట్టు చుట్టుకుని, నీళ్ల బకెట్ మీదకి వంగి ఉంది.

"ఇదేటి వదినా, గొట్టం బయటికి పెట్టించలేదా?"

"బిగించడానికొచ్చిన అబ్బాయి గోడకి కన్నం పెట్టాలన్నాడు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోలేదు. సరే, బకెట్లో నీళ్లు పోసి దాని మీద పెట్టుకోండి, పీచంతా నీళ్లలో పడిపోతాది, ఇంకేటీ అవదన్నాడు."

అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆవిడకి చాలా ఏళ్లుగా ఉబ్బసం. ఈ వానాకాలం రాత్రిపూట పిల్లికూతలు ఎక్కువయ్యాయని, ఇన్హేలర్ తొందరగా అయిపోతోందని అన్నయ్య ఫోన్లో చెప్పి ఉన్నాడు. ముసురు పడితే అమ్మకి ఆయాసం రావడం ఏటా ఉండేదే కాబట్టి నేరమంతా డ్రయ్యర్ మీద వేయలేను. కానీ ఆ యుటిలిటీ గోడకి సరిగ్గా అవతల అమ్మ మంచం ఉంది. మంచం తలగడ వైపు గోడ మీద, బీరువా వెనక, చిన్న చిన్న నల్ల చుక్కలు మొదలయ్యాయి. ఆ చుక్కలు చూశాక ఊరుకోలేకపోయాను.

ఇలాంటి డ్రయ్యర్లు ఇప్పుడు మన జిల్లాల్లోనూ కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇళ్లలో, డాబా మీద దండెం కట్టుకునే వీల్లేని ఫ్లాట్లలో, ఇంట్లో పసిపిల్లలుంటే మరీను, అది కొనడం తప్పేమీ కాదు. యంత్రం మంచిదే. అది వదిలే గాలి ఎటు పోవాలన్నది మాత్రం కొనేటప్పుడు ఎవరూ సరిగా చెప్పడం లేదు.

తూకం వేసి చూశాం

వదినకి నా మాట మీద నమ్మకం కుదరలేదు. "నీళ్లు ఆవిరైపోయాయి కదా, ఇంకెక్కడున్నాయి?" అంది. అందుకని ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే చిన్న స్ప్రింగ్ కాటా తీసి, స్పిన్ అయిపోయిన బట్టల్ని మూటకట్టి తూచాం. 7.8 కిలోలు. బకెట్లో నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టాం. డ్రయ్యర్ ఆగాక మళ్లీ తూచాం. 5.1 కిలోలు. అంటే గంటంబావులో 2.7 లీటర్ల నీళ్లు బట్టల్లోంచి బయటికొచ్చాయి. బకెట్లో నీళ్లు గీత మీద వడ్లగింజ మందం పెరిగాయి. కొలిస్తే అది ఒక టీ గ్లాసుకి సరిపోతుంది.

మిగతా నీళ్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కంటికి కనబడని ఆవిరిగా గాల్లో కొంత, గోడల మీద కొంత, పరుపుల్లో, పుస్తకాల్లో, పప్పు డబ్బాల మూతల కింద కొంత.

డ్రయ్యర్ పని చాలా సాదా. గదిలో గాలిని లోపలికి పీల్చుకుంటుంది, హీటర్ మీదుగా పంపి వేడి చేస్తుంది, తిరిగే డ్రమ్ములోని తడి బట్టల మధ్య నుంచి తోస్తుంది. వేడి గాలి నీటిని పట్టుకుంటుంది. ఆ తడిగాలిని ఫ్యాను గొట్టంలోంచి బయటికి నెడుతుంది. గొట్టంతో గాలి బయటికి వదిలే ఈ రకాన్నే వెంటెడ్ డ్రయ్యర్ అంటారు. నీటిని మాయం చేసే ఏర్పాటు దానిలో ఏదీ లేదు. బట్టల్లోంచి తీసి గొట్టం చివర వదిలేయడం వరకే దాని పని.

ఇప్పుడు మన వాతావరణం సంగతి. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనమీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకుంటే అందులో 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. పూర్తిగా నిండితే అది మోసేది ఒక లీటరు నీళ్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానాకాలం గాలిలో తేమ 80 శాతం ఉండటం మామూలే. అంటే ఆ గదిలో ముందే 800 గ్రాములకు పైగా నీళ్లు గాల్లో ఉన్నాయి. ఇక ఖాళీ 200 గ్రాములు. అందులోకి మనం రెండున్నర లీటర్లు తోస్తున్నాం.

ఈ లెక్కే మొత్తం విషయానికి మూలం. ఎండలు మండే పొడి ప్రాంతాల్లో, లేదా చలికాలంలో గాలి ఎండిపోయే దేశాల్లో, కొంతమంది కావాలనే డ్రయ్యర్ గాలిని ఇంట్లోకి వదులుకుంటారు. వేడి వస్తుంది, పొడి గాలికి తేమ వస్తుంది అని వాళ్ల ఆలోచన. అక్కడ కూడా అది మంచి పద్ధతి కాదు గానీ, మన దగ్గర ఆ ఆలోచనకి కాలూనే చోటే లేదు. నైరుతి రుతుపవనాలు వెళ్తూ వెళ్తూ ఉండగానే ఈశాన్య గాలులు, వాయుగుండాలు వచ్చేస్తాయి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో వాన లేని రోజు కూడా ఉప్పుగాలి, ఉక్కపోతే. మన గాలికి ఇంకా నీళ్లు తాగే ఓపిక లేదు.

గదికి పట్టని నీళ్లు ఏమవుతాయి? చల్లగా ఉన్న దేని మీదైనా చుక్కలు కడతాయి. 30 డిగ్రీల్లో, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల ఉపరితలం తగిలితే చాలు, చెమ్మ దిగడం మొదలవుతుంది. అమ్మ గదిలో ఏసీ 24 మీద పెడతారు. ఆ గోడ రాత్రంతా చల్లబడి ఉంటుంది. యుటిలిటీ వైపు నుంచి వేడి తడిగాలి వచ్చి ఆ చల్లటి గోడకే తగులుతుంది. చల్లటి మంచినీళ్ల గ్లాసు బయట చుక్కలు పట్టినట్టే గోడకి పడుతుంది. సున్నం, సిమెంటు ఆ తడిని మెల్లగా పీల్చుకుంటాయి. కొంత తలుపు సందుల్లోంచి నేరుగా గదిలోకే చేరి, గాలి ఆడని చోట్లలో, అంటే బీరువా వెనకా మంచం తల వెనకా నిలబడిపోతుంది. నల్ల చుక్కలు అక్కడే ఎందుకు వచ్చాయో వదినకి అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి ఏమిటంటే ఈ పద్ధతిలో డ్రయ్యర్ కూడా సరిగా పనిచేయదు. దాని ఫ్యాను నిమిషానికి రెండు మూడు వేల లీటర్ల గాలిని లాగుతుంది. చిన్న యుటిలిటీ తలుపు వేసి ఉంటే, తాను వదిలిన తడిగాలినే కొద్ది నిమిషాల్లో మళ్లీ తాను పీల్చుకుంటుంది. తడిగాలితో తడి బట్టలు ఆరవు. తొందరగా ఆరాల్సినవి గంటంబావు పడతాయి. కరెంటు బిల్లు పెరుగుతుంది. ఒక్క వాయికి మూడు యూనిట్లు ఖర్చయితే ఆ వేడంతా ఇంట్లోనే మిగులుతుంది. దాన్ని తోడిపోయడానికి టన్ను ఏసీ దగ్గర దగ్గర గంటసేపు కష్టపడాలి. ఏసీ గొట్టం కింద పెట్టే బకెట్ రోజూ చూస్తూనే ఉంటాం కదా. అందులో పడే నీళ్లలో కొన్ని మన బట్టలవే.

చెమ్మకీ ఆయాసానికీ ఉన్న లంకె

ఇంట్లో తేమ 60 శాతం దాటకుండా చూసుకోమని, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచుకోమని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన తీరంలో వానాకాలంలో ఏసీ లేకుండా 60 లోపు తేవడం జరిగే పని కాదు. అందుకే మనం చెయ్యగలిగినది, ఉన్నదాని మీద మరింత కలపకుండా ఉండటం.

తేమ పెరిగితే రెండు జీవులు పండగ చేసుకుంటాయి. ఒకటి బూజు. దాని బీజాలు గాల్లో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసిందల్లా ఒకటి రెండు రోజులు ఆరకుండా ఉండే తడి, తినడానికి కాస్త రంగు, కాగితం, గుడ్డ, తోలు, చెక్క. రెండోది పరుపుల్లో, దిళ్లలో ఉండే కంటికి కనబడని దుమ్ము పురుగు, డస్ట్ మైట్. అది నీళ్లు తాగదు, గాల్లోని తేమనే ఒంటి ద్వారా పీల్చుకుని బతుకుతుంది. తేమ బాగా తగ్గితే ఎండిపోయి చస్తుంది, పెరిగితే పిల్లలు పెడుతుంది. దాని రెట్ట, దాని పొట్టు చాలామందికి తుమ్ములు, కళ్లదురద, ఆయాసం తెప్పిస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలో చెమ్మ, బూజు గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకి ఉబ్బసం, శ్వాస సంబంధమైన ఇన్ఫెక్షన్లు, దగ్గు, పిల్లికూతలు ఎక్కువగా కనిపిస్తాయని అందులో తేల్చారు. ఏ బూజు ఎంత ఉంటే ప్రమాదమో అంకె పెట్టి చెప్పలేమని, అసలు చెమ్మే లేకుండా చూడటం ముఖ్యమని వాళ్ల సలహా. నాకు ఇది చాలా పనికొచ్చే మాట అనిపిస్తుంది. మనవాళ్లు నల్ల చుక్కలు కనబడగానే బ్లీచింగ్‌తో తుడిచి, పైన డిస్టెంపర్ వేయించేస్తారు. నెల తిరక్కుండా అవే చుక్కలు కొత్త రంగు మీద మొలుస్తాయి. తడి వచ్చే దారి మూయకుండా రంగు వేయడమంటే డబ్బు గోడకి పూయడమే.

పసిపిల్లలు, ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్లు ఉన్న ఇంట్లో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. మా అమ్మ రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి లాక్కోవడం చూసిన వాడిగా చెబుతున్నాను.

వాసనల సంగతి కూడా ఒక మాట. బట్టలు ఘుమఘుమలాడాలని కండిషనర్ ఒక మూతకి రెండు మూతలు పోస్తాం. 2011లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సువాసన డిటర్జెంటు, డ్రయ్యర్ షీట్లు (బట్టలతో పాటు డ్రమ్ములో వేసే వాసన గుడ్డముక్కలు) వాడిన డ్రయ్యర్ల గొట్టం చివర గాలిని పరీక్షిస్తే పాతికకు పైగా ఆవిరయ్యే రసాయనాలు కనిపించాయి. వాటిలో ఎసిటాల్డిహైడ్, బెంజీన్ కూడా ఉన్నాయి. ఆ గొట్టం ఇంట్లోనే తెరుచుకుంటే ఆ గాలి మనమే పీలుస్తాం. ఉబ్బసం వాళ్లున్న ఇంట్లో వాసన లేని సబ్బు వాడుకోవడం మేలు.

దూది అంటే నిప్పుకి చుట్టం

చీపురు మీద చూసిన బూడిద రంగు పీచు దగ్గరికి వద్దాం. వేళ్లతో తీసి నలిపితే మెత్తగా, వెచ్చగా, పిల్లి బొచ్చులా ఉంది. అది మన బట్టలే. ప్రతిసారీ లుంగీ, తువ్వాలు, దుప్పటి కొంచెం కొంచెం అరిగి రాలే నూలు పోగులు.

పొందూరు వెళ్లి ఖాదీ పని చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్ల మధ్య నుంచి వచ్చే దూది పొగమంచులా తేలికగా ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. డ్రయ్యర్ పీచుకీ దానికీ పెద్ద తేడా ఏమీ లేదు. పోగు ఎంత సన్నగా విడిపోతే గాలి అంత బాగా తగులుతుంది, నిప్పు అంత తొందరగా అంటుకుంటుంది. దేవుడి దగ్గర వత్తిని దూదితో చేసుకునేది ఎందుకో మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు.

ఇప్పుడు మన ఫ్లాట్ల నమూనా ఊహించుకోండి. యుటిలిటీకి ఆనుకుని వంటిల్లు. వంటింట్లో స్టవ్ మంట, ఆ పక్కనే చాలా ఇళ్లలో దేవుడి గూడు, అందులో దీపం. గొట్టం చివర నుంచి రోజూ ఎగిరే పీచు కొంత బకెట్ నీళ్లలో పడుతుంది, నిజమే. మిగతాది గాలితో పాటు పోయి ఫ్రిజ్ వెనక, ప్లగ్గుల మీద, చిమ్నీ జాలీలో వాలుతుంది. బకెట్లో నీళ్లు ఇంకిపోయి, పోయడం మర్చిపోతే అదీ లేదు. కొంతమంది గొట్టం మూతికి పాత సాక్సో, పల్చటి గుడ్డో కడతారు. అది ఇంకా ప్రమాదం. నాలుగు వాయిలకే గుడ్డ పీచుతో మూసుకుపోతుంది, గాలి బయటికి పోదు, హీటర్ దగ్గర వేడి పేరుకుంటుంది.

అమెరికాలో దాదాపు ఇంటింటికీ డ్రయ్యర్ ఉంటుంది కాబట్టి అక్కడి అంకెలు చూడాలి. 2008 నుంచి 2010 వరకు అక్కడి ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయని, వాటి వల్ల ఏడాదికి ఐదుగురు చనిపోయారని, వంద మంది గాయపడ్డారని ఆ దేశ అగ్నిమాపక యంత్రాంగం లెక్కకట్టింది. వాటిలో 34 శాతం కేవలం శుభ్రం చేయకపోవడం వల్ల జరిగినవి. గొట్టం బయటికే పెట్టుకునే దేశంలో పరిస్థితి అది.

నూనె తువ్వాళ్ల గురించి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దీపావళికి, భోగికి నువ్వుల నూనెతో తలంటు, పసివాళ్లకి రోజూ నూనె మర్దన. ఆ తువ్వాలు ఒకసారి ఉతికితే నూనె పూర్తిగా పోదు. అలాంటి నూనె గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తాను వేడెక్కుతుంది. డ్రయ్యర్లోంచి తీసిన వేడి తువ్వాళ్లని అలాగే బుట్టలో కుక్కి పెడితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. మంట లేకుండానే పొగ మొదలయ్యే వీలుంది. డ్రయ్యర్ చివరి పది నిమిషాలు చల్లగాలి తిప్పేది ఇందుకే. తొందరపడి మధ్యలో ఆపేసి, వేడివేడిగా తీసి మూట కట్టకండి. నూనె తువ్వాళ్లు దండెం మీద ఆరేయండి. పెట్రోలు, కిరసనాయిలు, పెయింట్ థిన్నర్ అంటిన గుడ్డలు డ్రయ్యర్ దరిదాపులకే తేవొద్దు.

కరెంటు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండు కిలోవాట్ల డ్రయ్యర్ దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్త్, సరైన వైరు ఉండాలి. టీవీకి వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆరు ఆంపియర్లది, అది కరిగిపోతుంది. పైగా గదంతా చెమ్మ. గీజరుకి పెట్టినట్టే దీనికీ షాక్ కొడితే ఆఫ్ అయ్యే బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

గ్యాస్ డ్రయ్యర్ అయితే కథ వేరు

మన ఊళ్లో డ్రయ్యర్లు కరెంటువి, వాటి నుంచి విషవాయువు రాదు. కానీ అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్లొచ్చే తల్లిదండ్రులు మన జిల్లాల్లో చాలామంది. అక్కడ కొన్ని ఇళ్లలో డ్రయ్యర్ గ్యాస్ మంటతో నడుస్తుంది. గ్యాస్ మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుట్టవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగతగా మొదలై, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. అలాంటి డ్రయ్యర్ గొట్టం వెనక ఊడిపోయి ఉంటే దాన్ని ఒక్క నిమిషం కూడా నడపకూడదు. బకెట్ చిట్కా దానికి అసలు వర్తించదు. గొట్టంతో గాలి వదిలే డ్రయ్యర్ ఏదైనా సరే, దాని గాలి ఇంటి బయటికే పోవాలని అక్కడి నిర్మాణ నియమాలు అంటాయి. గొట్టం పొడవు మామూలుగా 35 అడుగులు దాటకూడదు, ప్రతి మలుపుకీ ఆ పొడవు ఇంకా తగ్గించుకోవాలి.

ఇదే వాయువు మన ఇళ్లలో వేరే దారుల్లో వస్తుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ ఒకటి. రెండోది జనరేటర్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు జనరేటర్ దొరికితే, వానలో తడుస్తుందని వరండాలోనో మెట్ల కిందో పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. తలుపులకీ కిటికీలకీ దూరంగా, ఆరుబయటే ఉండాలి.

కిటికీ అద్దం ఒకటి తీశాం

గోడకి కన్నం వద్దన్నవాళ్లు కిటికీ గురించి ఏమీ అనలేదు. స్లైడింగ్ కిటికీలో ఒక అద్దం తీయించి, దాని స్థానంలో అల్యూమినియం రేకు బిగించి, రేకుకి నాలుగంగుళాల రంధ్రం కోయించాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించే మనిషికి ఇది గంట పని. ప్లాస్టిక్ గొట్టం తీసేసి గట్టి అల్యూమినియం పైపు వేయించాం, మూడడుగులు, ఒక్క మలుపు. లోపలి గరుకు మడతల్లో పీచు చిక్కుకుంటుంది కాబట్టి పైపు ఎంత నున్నగా, పొట్టిగా ఉంటే అంత మంచిది. అతుకుల దగ్గర మేకులు, స్క్రూలు లోపలికి పొడుచుకు రాకూడదు, వాటికే పీచు పట్టుకుంటుంది. అల్యూమినియం టేపు చుడితే చాలు.

బయటి మూతికి దోమల జాలీ కొట్టమని అన్నయ్య పట్టుబట్టాడు. విజయనగరం దోమల సంగతి నాకు తెలియనిది కాదు. అయినా జాలీ వద్దన్నాను. నెల తిరిగేసరికి అది దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది. దాని బదులు గాలి వస్తే తెరుచుకుని, ఆగితే తనే మూసుకునే రేకు ఫ్లాప్ పెట్టాం. దోమా రాదు, వాన జల్లూ రాదు, పావురమూ దూరదు. మధ్యలో ఉన్న లిఫ్టు పక్క డక్ట్‌లోకి పెడదామన్న సలహా కూడా వచ్చింది. ఆ డక్ట్‌లోకి అన్ని ఫ్లాట్ల బాత్రూం కిటికీలూ తెరుచుకుంటాయి. మన చెమ్మ తీసుకెళ్లి పక్కవాళ్ల బాత్రూంలో పోయడం న్యాయం కాదు.

గాలి బయటికి పోతుంటే అంత గాలి లోపలికీ రావాలి. అందుకని డ్రయ్యర్ నడిచేటప్పుడు వంటింటి వైపు తలుపు నాలుగు వేళ్ల సందు తెరిచి ఉంచమన్నాను. ప్రతి వాయి తర్వాత లోపలి ఫిల్టర్ జాలీని చేత్తో తుడవాలి, ఇది దీపం వత్తి మార్చినంత నియమంగా జరగాలి. అందరూ పడుకున్నాక గానీ, ఇంటికి తాళం వేసి వెళ్లేటప్పుడు గానీ డ్రయ్యర్ నడపకూడదు.

ఇంకా కొననివాళ్లకి నా సలహా వేరు. ఫ్లాట్‌లో బయటికి గొట్టం పెట్టే వీలు లేకపోతే వెంటెడ్ రకం కొనకండి. కండెన్సర్ రకం ఆవిరిని లోపలే చల్లబరిచి నీళ్లుగా మార్చి డబ్బాలో పడుతుంది, లేదా డ్రెయిన్ పైపులోకి వదులుతుంది. హీట్ పంప్ రకం కూడా అంతే, కరెంటు దాదాపు సగమే తింటుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. డబ్బాలో పడిన రెండున్నర లీటర్ల నీళ్లు ఒక్కసారి కంటితో చూస్తే ఇంతకుముందు అవి ఎక్కడికి పోయేవో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

డ్రయ్యరే లేకుండా ముసురులో ఇంట్లో తాళ్లు కట్టి ఆరేసేవాళ్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది. అవే నీళ్లు, కాకపోతే గంటకి బదులు ఒకటిన్నర రోజులో మెల్లగా వస్తాయి. హాల్లో ఫ్యాను కింద కుర్చీల మీద, తలుపుల మీద, మంచం పట్టీల మీద పరిచేస్తే ఆ చెమ్మ ఇల్లంతా పంచినట్టే. ఒకే చోట పెట్టండి. కిటికీ ఉన్న గదో, గ్రిల్ ఉన్న బాల్కనీయో. ఇంటి వైపు తలుపు మూసి, కిటికీ తెరిచి, బట్టల వైపు నుంచి కిటికీ వైపుకి ఫ్యాను తిప్పండి. అంతకంటే ముందు స్పిన్ రెండోసారి వేయండి. నీళ్లని విదిలించి తీయడానికి అయ్యే కరెంటు, వేడి చేసి తీయడానికి అయ్యేదానిలో చాలా చిన్న వంతు. అమ్మ పడుకునే గదిలో మాత్రం తడి తువ్వాలు కూడా ఆరేయకండి.

మళ్లీ కార్తీకంలో వెళ్లాను. యుటిలిటీ కిటికీ అద్దాలు పొడిగా ఉన్నాయి. అమ్మ మంచం గోడకి రెండు జానలు ఇవతలికి జరిపారు, బీరువా కూడా. గోడ ఆరాక చుక్కలు తుడిపించారు, అప్పటికి మళ్లీ రాలేదు. అమ్మకి ఆయాసం తగ్గిందా అంటే, వానలూ తగ్గాయి కాబట్టి ఆ ఘనత దేనికివ్వాలో నాకు తెలీదు. మాట్లాడుతూ ఉండగా వంటింటి వెనక నుంచి టపటపమని చప్పుడు. "అది ఫ్లాప్" అంది వదిన, కూర కలుపుతూనే. మొన్న ఒకరోజు ఆ చప్పుడు మెత్తబడిందట, బట్టలు కూడా ఆలస్యంగా ఆరాయట. మెషీన్ ఆపి, ప్లగ్గు తీసి, పైపు ఊడదీసి చూస్తే మలుపు దగ్గర పిడికెడు పీచు దొరికిందని, చెయ్యి ముడిచి ఎంతో చూపించింది.